ఆరు నెలలు ఆగాలా, ఇప్పుడే దారి మార్చాలా?

ప్రశ్న: మేము ముగ్గురు స్నేహితులం ఉద్యోగాలు వదిలి, రెండున్నరేళ్ళ క్రితం చిన్న క్లినిక్‌ల కోసం ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాం. రోగుల వివరాలు, మందుల చీటీలు, బిల్లులు, అపాయింట్‌మెంట్లు అన్నీ ఒకేచోట ఉండాలన్నది మా ఆలోచన. ఇప్పటికి 64 క్లినిక్‌లు చేరాయి. వాటిలో డబ్బు కడుతున్నవి 19. డాక్టర్లు మా సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకుంటారు గానీ, రోగుల వివరాలు అందులో రాయరు, కాగితం మీదే రాస్తారు. అయితే మళ్ళీ ఎప్పుడు రావాలో రోగికి గుర్తుచేసే సందేశాలను పంపే సదుపాయాన్ని మాత్రం రిసెప్షన్‌లో కూర్చునేవారు రోజూ వాడుతున్నారు. మిగతావన్నీ వదిలేసి దాని మీదే కంపెనీని నిలబెడదామని ఒక భాగస్వామి అంటున్నాడు. ఇంత కష్టపడి కట్టినదాన్ని పారేయడమేమిటి, ఇంకో ఆరు నెలలు గట్టిగా అమ్మి చూద్దామని రెండో భాగస్వామి అంటున్నాడు. తొమ్మిది నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. ఎనిమిది మంది ఉద్యోగులున్నారు. నేను ఇద్దరి మధ్యా నలుగుతున్నాను. ఇలాంటప్పుడు ఎలా నిర్ణయించుకోవాలి?

— ఒక పాఠకుడు

సమాధానం: మీ భాగస్వాములిద్దరూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నట్టు పైకి కనిపిస్తున్నా, నిజానికి మాట్లాడుతున్నది రెండు వేరువేరు సంగతుల గురించి. ఒకరు క్లినిక్‌లలో కళ్ళతో చూసినదాన్ని ఆధారంగా తీసుకుంటున్నారు. మరొకరు రెండున్నరేళ్ళుగా ధారపోసిన కష్టాన్ని ఆధారంగా తీసుకుంటున్నారు. ఎవరి మాట విన్నా అందులో న్యాయం ఉన్నట్టే తోస్తుంది కాబట్టి మీకు ఎటూ తేలడం లేదు.

పెట్టిన ఖర్చు మన తీర్పును ఎంతగా తనవైపు లాగుతుందో పరిశోధకులు చాలాకాలం క్రితమే గమనించారు. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1985లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నాటకశాల సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు టికెట్లు ఇప్పించారు. అందరికీ చూపించిన నాటకాలు అవే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవారే ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. అంతకుముందు 1976లో బారీ స్టా అనే పరిశోధకుడు ప్రచురించిన ప్రయోగం మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. నష్టాల్లో పడిన ఒక విభాగానికి మొదట డబ్బు కేటాయించింది తామే అయినప్పుడు, అందులో పాల్గొన్న మేనేజ్‌మెంట్ విద్యార్థులు దానికే మరింత డబ్బు కేటాయించారు. ఆ మొదటి నిర్ణయం ఇంకొకరిది అయినప్పుడు మాత్రం అంతగా ఇవ్వలేదు. మీ రెండో భాగస్వామి మాటలో ఈ లాగుడు ఎంత ఉందో ఆయనే పరిశీలించుకోవాలి. అలాగని ఆయనది తప్పని నేను అనడం లేదు. రెండున్నరేళ్ళ కష్టం వల్ల 64 క్లినిక్‌ల తలుపులు మీకు తెరుచుకున్నాయి, అక్కడ పని ఎలా సాగుతుందో లోపలి నుంచి తెలిసింది. ఆ పరిచయమూ ఆ తెలివిడీ మీరు ఏ దారి పట్టినా మీతోనే వస్తాయి, కాబట్టి వాటిని పోగొట్టుకుంటామన్న భయాన్ని ముందుగా పక్కన పెట్టవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. స్టార్టప్ దిశ మార్చడాన్ని గురించి నేను నమ్మే సూత్రం ఒక్కటే. మీరు మొదట వేసుకున్న అంచనాలలో ఏది తప్పని తేలిందో పేరు పెట్టి చెప్పగలగాలి. చెప్పగలిగితే దాన్ని మాత్రమే మార్చి, మిగతావాటిని నిలుపుకుని ముందుకు వెళ్ళవచ్చు. చెప్పలేకపోతే, మారాలనిపిస్తున్నది అలసట వల్లనో, వేరేవాళ్ళ విజయం చూసినందువల్లనో అయి ఉంటుంది. అలాంటప్పుడు మారినా కొత్తచోట అదే చిక్కు మళ్ళీ ఎదురవుతుంది.

మీ కంపెనీ ఏ అంచనాల మీద నిలబడిందో మీ ఉత్తరాన్ని బట్టి నేను ఊహించగలను. కాగితాల వల్ల క్లినిక్‌లు ఇబ్బంది పడుతున్నాయన్నది మొదటిది. సాఫ్ట్‌వేర్ ఇస్తే డాక్టర్లు అందులో రాస్తారన్నది రెండోది. రాసినవారు డబ్బు కడతారన్నది మూడోది. క్లినిక్‌లను ఒక్కొక్కటిగా చేర్చుకోవడానికి అయ్యే ఖర్చు, వాటి నుంచి వచ్చే ఆదాయం కంటే తక్కువగానే ఉంటుందన్నది నాలుగోది. వీటిలో విరిగింది రెండోదని మీ ఉత్తరమే చెబుతోంది. డాక్టరు ఎదురుగా రోగి కూర్చుని ఉంటాడు, బయట ఇంకా కొందరు వేచి ఉంటారు. కలంతో నాలుగు ముక్కలు గీసి ఇచ్చే చోట, తెర మీద గడులు వెతికి టైపు చేయాలంటే ప్రతి రోగి దగ్గరా కొంత సమయం పోతుంది. ఆ శ్రమ డాక్టరుది, అదీ ఆ క్షణంలోనే పడాలి. దానివల్ల కలిగే మేలు ఎప్పుడో నెలల తరువాత, పాత వివరాలు వెతికినప్పుడు తెలుస్తుంది. శ్రమ ఇప్పుడు, మేలు ఎప్పుడో అయినప్పుడు చాలామంది మెచ్చుకుని ఊరుకుంటారు, అలవాటు మాత్రం మార్చుకోరు.

ఇది అర్థమైతే, ఆరు నెలలు గట్టిగా అమ్మి చూద్దామన్న ప్రతిపాదనలో లోపం ఎక్కడుందో తెలుస్తుంది. గట్టిగా అమ్మితే 64 క్లినిక్‌లు 100 కావచ్చు, ఆ కొత్త డాక్టర్లూ కాగితం మీదే రాస్తారు. చేరని క్లినిక్‌లను చేర్చడం అమ్మకం చేయగల పని, చేరినవారు వాడకపోవడాన్ని అమ్మకం బాగుచేయలేదు. రెండు జబ్బుల మధ్య ఈ తేడాను గుర్తించలేకనే చాలా కంపెనీలు తమ చివరి డబ్బును ప్రచారం మీద పెట్టి మునిగిపోతాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే ప్రతి కష్టానికీ దిశ మార్పే మందు అనిపించే ప్రమాదం ఉంది. ప్రయాణికులకు ఇతరుల ఇళ్ళను అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులు 2009లో న్యూయార్క్ నగరంలో బుకింగ్‌లు పెరగక సతమతమయ్యారు. తమ సైట్‌లో ఉన్న ఇళ్ళను ఒక్కొక్కటిగా చూస్తే, యజమానులు ఫోన్లతో తీసి పెట్టిన ఫోటోలు మసకగా ఉండి, అక్కడ ఉండాలన్న కోరిక ఎవరికీ కలగకుండా ఉన్నాయని వారికి అర్థమైంది. వాళ్ళే ఆ ఇళ్ళకు వెళ్ళి, మంచి కెమెరాతో ఫోటోలు తీసి పెట్టారు. ఆ నగరంలో వారి ఆదాయం త్వరలోనే రెట్టింపయింది. వాళ్ళ ఆలోచనలో తప్పేమీ లేదు, అది జనానికి కనిపించిన తీరులో లోపం ఉంది. అలాంటి చోట దిశ మార్చి ఉంటే మంచి కంపెనీని చేతులారా పోగొట్టుకునేవారు. మీ విషయంలో అలా కాదని నేను అనుకోవడానికి కారణం, మీ డాక్టర్లు సాఫ్ట్‌వేర్‌ను చూశారు, మెచ్చారు, కొందరు డబ్బు కూడా కట్టారు, అయినా రాయడం లేదు.

మీ కథకు చాలా దగ్గరగా ఉన్నది సెగ్మెంట్ అనే కంపెనీ కథ. 2011లో ఎం.ఐ.టి. విద్యార్థులు కొందరు కలిసి తరగతి గదుల కోసం ఒక సాధనం తయారుచేశారు. పాఠం జరుగుతుండగా అర్థం కానప్పుడు విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో ఒక బటన్ నొక్కితే, ఎంతమందికి అర్థం కాలేదో అధ్యాపకుడికి వెంటనే తెలుస్తుంది. అధ్యాపకులు దీన్ని ఎంతో మెచ్చుకున్నారు. వ్యవస్థాపకులు తరగతి వెనుక నిలబడి చూస్తే, తెరిచిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఫేస్‌బుక్ వంటి వేరే పేజీల మీద ఉన్నాయి. బటన్ ఎవరూ నొక్కడం లేదు. మెచ్చుకున్నవారు ఒకరు, వాడవలసినవారు మరొకరు. మీ దగ్గర మెచ్చుకునేదీ వాడవలసినదీ డాక్టరే అయినా, మెచ్చుకోలుకూ వాడకానికీ మధ్య దూరం అలాగే ఉంది.

ఆ తరువాత వారు వెబ్‌సైట్లకు వచ్చేవారి కదలికలను విశ్లేషించే సేవను కట్టారు. అదీ నడవలేదు. దాన్ని కట్టే క్రమంలో, ఒకే సమాచారాన్ని అనేక విశ్లేషణ సేవలకు పంపించే చిన్న కోడ్ ముక్క ఒకటి రాసి పెట్టుకున్నారు. దాన్నే వ్యాపారం చేద్దామని ఒకరు అన్నప్పుడు, వ్యవస్థాపకులలో ఒకరైన పీటర్ రైన్‌హార్ట్‌కు అది ఏమాత్రం నచ్చలేదు. అది పనికిరాదని నిరూపించి ఆ చర్చ ముగించాలన్న ఉద్దేశంతోనే, దాన్ని వివరించే ఒక వెబ్ పేజీ తయారుచేసి, 2012 డిసెంబరులో ప్రోగ్రామర్ల ముందు పెట్టారు. ఆయన ఊహించినదానికి పూర్తి విరుద్ధంగా, చూసినవారిలో చాలామంది అది తమకు కావాలని పేర్లు నమోదు చేసుకున్నారు. 2020లో ఆ కంపెనీని ట్విలియో అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ 320 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఇందులో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది, ఆ పరీక్షను నడిపినది దానిని వ్యతిరేకించిన మనిషే అన్న సంగతి. దీనికి మళ్ళీ వస్తాను.

ఇలాంటి కథలు వినేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. దారి మార్చి గెలిచినవారే వేదికల మీద మాట్లాడతారు, దారి మార్చి మూతపడినవారిని ఎవరూ పిలవరు. కాబట్టి మార్చితే గెలుస్తామని వీటి నుంచి తేల్చుకోకూడదు. గెలిచినవారు ఏ గుర్తులు చూసి మార్చారన్నది మాత్రం నేర్చుకోవచ్చు. అలా చూస్తే తరచుగా కనిపించే గుర్తు ఒకటుంది. జనం తమంతట తామే, ఎవరూ బతిమాలకుండా, ఒక్కోసారి కంపెనీ వద్దన్నా వినకుండా ఒక పని చేస్తూ ఉంటారు. పేపాల్ మొదట్లో పామ్ పైలట్ అనే చేతి పరికరాల మధ్య డబ్బు పంపించే ఏర్పాటు. ఈమెయిల్ ద్వారా డబ్బు పంపే వెబ్‌సైట్ దానికి అనుబంధంగా పుట్టింది. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో వస్తువులు అమ్ముకునేవారు ఆ వెబ్‌సైట్‌ను వాడడం మొదలుపెట్టినప్పుడు, కంపెనీలో కొందరు వీళ్ళెవరు, మనల్ని ఎందుకు పట్టుకున్నారని మొదట విసుక్కున్నారు. చేతి పరికరాల మీద వాడేవారు వేలలో ఆగిపోగా, వెబ్‌సైట్ వాడేవారు పది లక్షలు దాటారు. అప్పుడు పరికరాల ఏర్పాటును వదిలేశారు.

మీ రిసెప్షనిస్టులు అలాంటి పని ఏదైనా చేస్తున్నారేమో వెళ్ళి చూడండి. ఫోన్‌లో అడిగితే తెలియదు. ఒక క్లినిక్‌లో రిసెప్షన్ బల్ల వెనుక ఉదయం నుంచి మూసే దాకా కూర్చోండి. సాయంత్రం ఆమె మీ సాఫ్ట్‌వేర్‌లోంచి రేపటి పేర్ల జాబితాను ఎక్సెల్‌లోకి దించుకుని, ఫోన్ నంబర్లలో తప్పులు దిద్దుకుని, రానివారి పేర్లకు రంగు వేసుకుని, వారికి విడిగా ఫోన్లు చేస్తుంటే, ఆ ఎక్సెల్ పేజీయే మీరు తయారుచేయవలసిన సరుకు. మీ సాఫ్ట్‌వేర్ చేయనిదాన్ని ఆమె చేత్తో చేసుకుంటోందంటే ఆ పని అవసరమని అర్థం. అలా కాకుండా, డాక్టరుగారు పంపమన్నారు కాబట్టి రోజుకొకసారి బటన్ నొక్కి మరచిపోతున్నట్టయితే, రోజూ వాడుతున్నారన్న మీ లెక్క నిజమే అయినా దాని బరువు చాలా తక్కువ.

ఈ కొత్త ఆలోచనకు అనుకూలంగా నాకు కనిపిస్తున్న బలమైన కారణం ఒకటుంది. రోగి మళ్ళీ రాకపోతే ఆ రోజు ఫీజు క్లినిక్‌కు పోతుంది, రోగి వైద్యమూ మధ్యలో ఆగిపోతుంది. గుర్తుచేయడం వల్ల వచ్చే మేలు వారం తిరగకుండానే డాక్టరుకు లెక్కలో కనిపిస్తుంది. శ్రమ పడేది డాక్టరు కాదు. డబ్బు కట్టేవారికే మేలు, అదీ త్వరగా. పాత ఆలోచనలో విరిగిన అంచనా ఇక్కడ లేదు. భయపెట్టే కారణం కూడా ఒకటుంది. సందేశాలు పంపడం ఎవరైనా చేయగల పని. రేపు పెద్ద కంపెనీ ఒకటి దాన్ని ఉచితంగా ఇస్తే మీ గతేమిటి? ఓడియో అనే పాడ్‌కాస్ట్ కంపెనీకి 2005లో ఇదే జరిగింది. యాపిల్ తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులను చేర్చగానే, ఓడియో కాళ్ళ కింద నేల కదిలిపోయింది. వారి లోపల చిన్న ప్రయోగంగా పుట్టిన ట్విట్టర్ 2006లో బయటికి వచ్చింది. ఇన్వెస్టర్లు కోరుకుంటే వారి వాటాలు తాను తిరిగి కొంటానని ఓడియో అధిపతి ఇవాన్ విలియమ్స్ ముందుకొచ్చి, కొనేశారు. కాబట్టి సందేశం పంపడం దగ్గర మీరు ఆగిపోతే చాలదు. రానని రోగి జవాబిస్తే ఆ ఖాళీని మరొకరికి ఇవ్వడం, మూడుసార్లు రానివారి జాబితాను డాక్టరు ముందు పెట్టడం వంటి తరువాతి మెట్లు మీకు కనిపిస్తున్నాయా అన్నది ముఖ్యం. కనిపించకపోతే అది చక్కటి సదుపాయమే గానీ కంపెనీ కాదు.

పూర్తిగా మారేముందు, సరుకు కాకుండా వాడేవారిని మార్చితే సరిపోతుందేమో కూడా చూసుకోవాలి. డబ్బు కడుతున్న ఆ 19 క్లినిక్‌లలో ఎవరైనా డాక్టర్లు నిజంగా వివరాలు రాస్తున్నారా? మధుమేహం, పిల్లల టీకాలు వంటి చోట అదే రోగి ఏళ్ళ తరబడి వస్తాడు, పాత వివరం ప్రతిసారీ కావలసి వస్తుంది. అలాంటి డాక్టర్లు నలుగురైదుగురు శ్రద్ధగా రాస్తుంటే, మీ మొదటి ఆలోచన తప్పు కాదు, తప్పు గుమ్మాల్లో అమ్మారంతే. సూపర్‌హ్యూమన్ అనే ఈమెయిల్ కంపెనీ ఇలాగే తన దారిని సరిచేసుకుంది. ఇకపై ఈ సేవ దొరకదంటే ఎంత నిరాశపడతారని వాడేవారిని అడిగి, చాలా నిరాశపడతామన్నవారు 40 శాతం దాటితే సరుకు జనానికి పట్టినట్టేనని స్టార్టప్ నిపుణుడు సీన్ ఎలిస్ పెట్టిన కొలత ఒకటుంది. సూపర్‌హ్యూమన్‌కు మొదట వచ్చింది 22 శాతం. వ్యవస్థాపకుడు రాహుల్ వోరా ఆ 22 శాతం మంది ఎవరో విడదీసి చూసి, వారి వంటివారినే లెక్కలోకి తీసుకుంటే అంకె 32కు చేరింది. వారికి కావలసినవి కట్టుకుంటూ పోగా తరువాత 58 అయింది. మీకున్న 19 మందికి శాతాలు పనికిరావు, ఇద్దరు అటూ ఇటూ అయితే అంకె తలకిందులవుతుంది. అదే ప్రశ్నను 19 మందినీ విడివిడిగా ఫోన్‌లో అడిగి, వారు చెప్పిన మాటలను ఉన్నదున్నట్టు రాసుకోండి. ఈ పని ఈ వారమే జరగాలి.

ఇప్పుడు కాలం సంగతి. మీ రెండో భాగస్వామి అడిగిన ఆరు నెలలు ఇస్తే, ఆ తరువాత మిగిలేది మూడు నెలల డబ్బు. ఆ మూడు నెలల్లో కొత్త సరుకు కట్టడం, అమ్మడం, ఇన్వెస్టర్ల దగ్గర మళ్ళీ డబ్బు తేవడం జరిగే పని కాదు, ఎందుకంటే డబ్బు సమకూర్చుకోవడానికే చాలాసార్లు కొన్ని నెలలు పడుతుంది. అంటే ఆ ఆరు నెలలు అయ్యాక మీరు సరైన నిర్ణయం తీసుకున్నా దాన్ని అమలుచేసే శక్తి ఉండదు. చేతిలో ఉన్న డబ్బును నెలల్లో కాకుండా, ఇంకా ఎన్నిసార్లు దారి మార్చుకోగలమన్న లెక్కలో కొలవాలని ‘ది లీన్ స్టార్టప్’ పుస్తక రచయిత ఎరిక్ రీస్ చెప్పేది ఇందుకే. తొమ్మిది నెలలంటే మీకు ఒక మార్పు నిశ్చయంగా ఉంది, రెండోది అనుమానమే.

అందుకని నేను చెప్పేది, ఇవాళే మారవద్దు, ఆరు నెలలు ఆగవద్దు, ఆరు వారాలు ఒక పరీక్ష పెట్టండి. మీ పాత సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడూ చూడని క్లినిక్‌లను ఓ ముప్పై ఎంచుకోండి. ఇప్పటికే మీతో ఉన్నవారి దగ్గరికి వెళ్ళకండి, వారిలో కొందరు మొహమాటానికి సరేనంటారు. గుర్తుచేసే సేవను మాత్రమే, దాని ధర ముందే చెప్పి, మూడు నెలల డబ్బు ముందుగా తీసుకుని అమ్మండి. వాడి చూసి తరువాత చెబుతామన్నవారిని లెక్కలో వేయకండి. కొత్త కోడ్ రాయనక్కరలేదు, వెనుక సగం పని మీ వాళ్ళు చేత్తో చేసినా ఫరవాలేదు, క్లినిక్‌కు ఫలితం అందితే చాలు. నాలుగు వారాల తరువాత రానివారి సంఖ్య తగ్గిందా లేదా అన్నది క్లినిక్ సొంత పుస్తకంలోని లెక్కతో సరిచూడండి.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు పరీక్ష మొదలుకాకముందే జరగాలి. ఎంతమంది డబ్బు కడితే మారతాం, ఎంతమందికి తగ్గితే మారం అన్నది ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాసి సంతకాలు చేయండి. ముప్పైలో పదిమంది కడితే మారడానికి నేనైతే ఒప్పుకుంటాను, నలుగురికి తగ్గితే ఒప్పుకోను, మధ్యలో తేలితే కట్టినవారిలో ఉమ్మడిగా ఏముందో వెతుకుతాను. ఇవి నా అంకెలు. మీ ధరనూ ఖర్చులనూ బట్టి మీ అంకెలు మీరు పెట్టుకోండి. ముందే రాయకపోతే, ఏడుగురు కట్టారన్న ఒకే వార్తను ఒక భాగస్వామి గెలుపుగాను, మరొకరు ఓటమిగాను చదువుతారు, మీరు మళ్ళీ మధ్యలోనే ఉంటారు. ఆ అంకెలను మొదట ప్రతిపాదించే హక్కు మార్పును వ్యతిరేకిస్తున్న భాగస్వామికి ఇవ్వండి. ఆ క్లినిక్‌లకు వెళ్ళి అమ్మే పనిలోనూ ఆయనే ముందుండాలి. సెగ్మెంట్ కథలో చూసినట్టు, ఇష్టం లేని మనిషి తన చేత్తో చేసి చూసిన ఫలితాన్ని కాదనలేడు. అది నడవకపోతే, కోరుకున్న భాగస్వామికి కూడా ఎదురుచెప్పడానికి మాట దొరకదు, ఎందుకంటే కొలతను తానూ ఒప్పుకుని సంతకం చేశాడు.

మీ సంగతి వేరు. మీరు ఎవరినీ నొప్పించకూడదనుకుంటున్నారని మీ ఉత్తరంలో తెలుస్తోంది. 1985లో ఇంటెల్ కంపెనీ అధిపతులు ఆండ్రూ గ్రోవ్, గోర్డన్ మూర్ ఇలాంటి సందిగ్ధంలోనే ఉన్నారు. కంపెనీ పుట్టింది మెమరీ చిప్‌లతో, పేరు తెచ్చుకుంది వాటితో, జపాన్ కంపెనీల పోటీకి నిలవలేక నష్టపోతున్నదీ వాటితోనే. మనిద్దరినీ తీసేసి బోర్డు కొత్త అధికారిని తెస్తే ఆయన ఏం చేస్తాడని గ్రోవ్ అడిగాడు. మెమరీ చిప్‌ల నుంచి బయటపడతాడని మూర్ తడుముకోకుండా చెప్పాడు. అయితే మనమే బయటికి వెళ్ళి, తిరిగి లోపలికి వచ్చి ఆ పని ఎందుకు చేయకూడదన్నాడు గ్రోవ్. మైక్రోప్రాసెసర్ల వైపు తిరిగిన ఆ కంపెనీ 1986లో నష్టం చవిచూసింది, ఉద్యోగాలు తీసేసింది, ఆ తరువాతే నిలబడింది. కంపెనీతో ఏ అనుబంధమూ లేని ఒక తెలివైన మనిషి రేపు మీ కుర్చీలో కూర్చుంటే, ఆ 64, 19 అంకెలను చూసి ఏం చేస్తాడో మీరు ఒంటరిగా కూర్చుని రాయండి. భాగస్వాములకు చూపించే ముందు ఒక రాత్రి మీ దగ్గరే ఉంచుకోండి.

ఉద్యోగుల దగ్గర ఈ పరీక్షను దాచవద్దు. ఎనిమిది మంది ఉన్న చోట ఏ రహస్యమూ నిలవదు, సగం తెలిసిన వార్త పూర్తి వార్త కంటే ఎక్కువ భయపెడుతుంది. ఫలానా తేదీకి నిర్ణయం ఉంటుందని, అప్పటిదాకా జీతాలకు ఢోకా లేదని చెప్పండి. ఇన్వెస్టర్లకు కూడా పరీక్ష మొదలుపెట్టిన రోజునే రాయండి. ఆఫీసుల్లో పనిచేసేవారు తమలో తాము సందేశాలు పంపుకునే స్లాక్ అనే సాధనం పుట్టుక ఇక్కడ గుర్తుచేసుకోదగినది. స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆటను 2011 సెప్టెంబరులో విడుదల చేసి, తగినంతమంది నిలవకపోవడంతో 2012 డిసెంబరులో మూసేసింది. మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చేస్తామని ఆయన ఇన్వెస్టర్లతో అన్నారు, వారు వద్దని కొత్త ప్రయత్నానికి వాడుకోమన్నారు. ఆట తయారుచేసేటప్పుడు తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న సాధనమే స్లాక్ అయి, 2021లో సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి సుమారు 2,770 కోట్ల డాలర్లకు వెళ్ళింది. ఈ కథలో అందరూ మరచిపోయే భాగం ఒకటుంది. ఆట మూతపడినప్పుడు ఉద్యోగులలో ఎక్కువమందిని పంపించవలసి వచ్చింది, వారికి వేరేచోట పని దొరికేలా కంపెనీయే వారి పేర్లూ నైపుణ్యాలూ బయటికి చెప్పి ప్రయత్నించింది. మీరు మారితే ఎనిమిది మందీ అవసరపడకపోవచ్చు. అది ముందే ఆలోచించి పెట్టుకోండి.

మారాలని తేలితే సగం సగం మారకండి. పాతదాన్ని ఎందుకైనా మంచిదని నడుపుతూ కొత్తదాన్ని కట్టడం ఎనిమిది మందితో అయ్యే పని కాదు, పాత సాఫ్ట్‌వేర్‌లో వచ్చే ప్రతి చిన్న ఫిర్యాదూ కొత్తదాని సమయాన్ని తినేస్తుంది. పాతదానికి ముగింపు తేదీ ప్రకటించండి. క్లినిక్‌లు రాసిపెట్టుకున్న రోగుల వివరాలు ఎంత కొద్దిగా ఉన్నా, వాటిని వేరేచోట వాడుకోగలిగిన రూపంలో తిరిగి ఇవ్వండి, ఇచ్చాక మీ దగ్గరి ప్రతులను చెరిపేసి ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. అవి మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన వివరాలు. ముందుగా కట్టిన డబ్బులో మిగిలిన నెలలది వెనక్కి ఇవ్వండి. రేపు కొత్త సేవ అమ్మడానికి మీరు వెళ్ళవలసింది ఆ గుమ్మాలకే.

పరీక్ష ఓడిపోతే ఏం చేయాలో మీరు అడగలేదు, అయినా చెప్పడం అవసరం. అప్పటికి మీ దగ్గర ఏడు నెలలకు పైగా డబ్బు ఉంటుంది. 19 మందితో మాట్లాడినప్పుడు శ్రద్ధగా రాసే డాక్టర్ల గుంపు ఒకటి బయటపడి ఉంటే, మిగిలిన కాలాన్ని వారి కోసం వెచ్చించండి. ఆ గుంపూ లేక, కొత్త సేవకూ కొనేవారు లేకపోతే, కంపెనీని మూసే ఆలోచన కూడా ముగ్గురి ముందూ ఉండాలి. అందుకని ఇప్పుడే, పరీక్షకు ముందే, ఉద్యోగులకు రెండు నెలల జీతం, క్లినిక్‌లకు తిరిగి ఇవ్వవలసిన డబ్బు, వివరాలు అప్పగించడానికి అయ్యే ఖర్చు లెక్కగట్టి, ఆ మొత్తాన్ని వేరే ఖాతాలో పెట్టి, ఏ పరిస్థితిలోనూ ముట్టుకోకూడదని ముగ్గురూ ఒప్పుకోండి. ఆ మొత్తం తీసేశాక మిగిలినదే మీ అసలు గడువు. అది తొమ్మిది నెలల కంటే తక్కువే ఉంటుంది కాబట్టి, పరీక్ష తేదీలను ఆ లెక్క ప్రకారం వేసుకోండి.